హెలికాప్టర్ అంబులెన్స్ దిగడానికి ఎంత జాగా కావాలి?

ప్రమాదం జరిగిన చోటికి హెలికాప్టర్ వస్తుంది. పైన ఒక చక్కర్ కొడుతుంది. కాస్త కిందికి దిగి ఇంకో చక్కర్ కొడుతుంది. ఎదురుగా ఖాళీ మైదానం ఉన్నా దాన్ని వదిలేసి అర కిలోమీటరు అవతల దిగుతుంది, లేదంటే దిగకుండానే వెళ్లిపోతుంది. కింద గాయపడిన మనిషి దగ్గర కూర్చున్నవాళ్లకు ఒళ్లు మండిపోతుంది. "ఇంత జాగా పెట్టుకుని దిగడానికేం?" అని అడుగుతారు. ఇలాంటి వీడియో బయటికొచ్చిన ప్రతిసారీ ఇదే ప్రశ్న.

అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే "జాగా" అన్న మాటకు కిందివాళ్లకు ఒక అర్థం, పైలట్‌కు ఇంకో అర్థం. కిందివాళ్లు నేలను చూస్తారు. పైలట్ చూసేది ఆ నేలకు వచ్చే దారిని, అక్కడి నుంచి బయటపడే దారిని. ఆ దారి గాలిలో ఉంటుంది. పైగా ఒకరికి కనిపించేవి ఇంకొకరికి కనిపించవు. కరెంటు తీగ కిందివాళ్లకు కనిపిస్తుంది, పైలట్‌కు కనిపించదు. చెట్ల వెనక ఉన్న గుట్ట పైలట్‌కు కనిపిస్తుంది, కిందివాళ్లకు తెలియదు. ల్యాండింగ్ జోన్ ఎంచుకోవడం, గుర్తులు పెట్టడం అనే పనంతా ఈ రెండు చూపులను కలపడం గురించే.

ముందు రెండు మాటలు విడదీసి చెప్పుకుందాం. హెలిప్యాడ్ అంటే ముందే కొలిచి, కట్టి, గుర్తులు వేసి ఉంచిన చోటు. ల్యాండింగ్ జోన్ అంటే అప్పటికప్పుడు వెతుక్కున్న చోటు: పొలం, ఆటస్థలం, హైవే, ఏటి ఇసుక, ఏదైనా కావచ్చు. ఈ వ్యాసం రెండో దాని గురించి.

30 మీటర్లు చాలా, చాలదా?

చాలా దేశాల్లో ఫైర్, అంబులెన్స్ సిబ్బందికి నేర్పే అంకె ఒకటుంది: వంద అడుగుల పొడవు, వంద అడుగుల వెడల్పు. అంటే దాదాపు 30 మీటర్ల చదరం. గుర్తుపెట్టుకోవడం తేలిక, అడుగులేసి కొలుచుకోవచ్చు, అందుకే బాగా పాకింది.

యూరప్ నిబంధనలు దీన్ని ఇంకోలా లెక్కగడతాయి. రోటర్లు, అంటే పైనా తోక దగ్గరా ఉండే రెక్కల చక్రాలు, తిరుగుతున్నప్పుడు హెలికాప్టర్ ఈ చివర నుంచి ఆ చివరకు ఎంత పొడవుంటుందో ఆ కొలతను "డి" అంటారు. వైద్య అత్యవసరానికి పగటిపూట దిగే చోటు కనీసం 2 డి ఉండాలి. రాత్రిపూట, ముందుగా సర్వే చేయని చోటైతే పొడవు 4 డి, వెడల్పు 2 డి ఉండాలి.

లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. అంబులెన్స్ పనికి విరివిగా వాడే ఎయిర్‌బస్ హెచ్135కి డి సుమారు 12.2 మీటర్లు. పగలు 24.4 మీటర్లు చాలు, కాబట్టి 30 మీటర్ల చదరంలో హాయిగా దిగుతుంది. రాత్రి అదే హెలికాప్టర్‌కు దాదాపు 49 మీటర్ల పొడవు కావాలి. ఇక లియోనార్డో ఏడబ్ల్యూ139 పెద్దది, దాని డి దాదాపు 16.7 మీటర్లు. దానికి పగలే 33 మీటర్లు దాటుతుంది, రాత్రి పొడవు 67 మీటర్ల దాకా వెళ్తుంది. అంటే ఆ 30 మీటర్ల జాగా ఒక హెలికాప్టర్‌కు మధ్యాహ్నం పనికొచ్చి, అదే హెలికాప్టర్‌కు రాత్రి పనికిరాదు. ఇంకో హెలికాప్టర్‌కు ఎప్పుడూ పనికిరాదు. వచ్చేది ఏ మోడలో అడగకుండా జాగా కొలవడం, కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్టే.

చెట్టు ఎత్తుకు పది రెట్లు

హెలికాప్టర్ నిట్టనిలువుగా దిగుతుంది, నిట్టనిలువుగా లేస్తుంది అని చాలామంది అనుకుంటారు. దిగగలదు, లేవగలదు. కానీ పైలట్లు వీలైనంతవరకు ఆ పని చేయరు. ఏటవాలుగా వచ్చి దిగడం, ఏటవాలుగా ముందుకు సాగుతూ లేవడం వాళ్లకు ఇష్టం. ముందుకు వేగం ఉన్నప్పుడు రోటర్‌కు తక్కువ శక్తి సరిపోతుంది. మధ్యలో ఇంజిన్ మొరాయించినా ఆ వేగం వాళ్ల చేతిలో ఒక పొదుపులా ఉంటుంది. తక్కువ ఎత్తులో, వేగం లేకుండా గాలిలో నిలబడి ఉన్నప్పుడు ఆ పొదుపు ఉండదు.

అమెరికా సైన్యంలో ల్యాండింగ్ జోన్లు సిద్ధం చేసేవాళ్లు దీనికి ఒక నిష్పత్తి వాడతారు, పదికి ఒకటి. దారిలో ఉన్న అడ్డంకి ఎత్తు ఎంతో, దానికి పది రెట్ల దూరంలో దిగే చోటు ఉండాలి.

ఒక మైదానం తీసుకుందాం. 60 మీటర్ల చదరం, చుట్టూ 12 మీటర్ల ఎత్తు చెట్లు. నేల లెక్క ప్రకారం 30 మీటర్లకు రెట్టింపు ఉంది కాబట్టి బ్రహ్మాండం అనిపిస్తుంది. పది రెట్ల లెక్కలో చెట్టుకూ దిగే చోటుకూ మధ్య 120 మీటర్లు ఉండాలి. మైదానం నడిమధ్య దిగినా చెట్టు 30 మీటర్ల దూరంలోనే ఉంటుంది. అంటే ఇది మైదానం కాదు, బావి. దిగాలంటే నిలువుగా దిగాలి, లేవాలంటే రోగి బరువుతో సహా నిలువుగా లేవాలి. పక్కనే 35 మీటర్ల చిన్న ముక్క ఉండి, దానికి రెండు వైపులా పొలాలు తెరుచుకుని ఉంటే పైలట్ కన్ను దానిమీదే పడుతుంది. వీడియోలు చూసి తిట్టుకునేవాళ్లకు ఇక్కడే సగం జవాబు దొరుకుతుంది.

దారి అనగానే గాలివాటం కూడా చూడాలి. హెలికాప్టర్ ఎదురుగాలిలోకి దిగుతుంది, ఎదురుగాలిలోకే లేస్తుంది. వెనక నుంచి గాలి తోస్తుండగా నిటారుగా, నెమ్మదిగా దిగితే తన రోటర్ తోసిన గాలిలోనే తాను కూరుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే చెట్లు లేని వైపు ఒకటి ఉన్నా సరిపోదు, ఆ వైపు గాలికి సరైన దిక్కులో ఉండాలి. పొద్దున పనికొచ్చిన చోటు, గాలి తిరిగాక సాయంత్రం పనికిరాకపోవచ్చు.

ఎండ కూడా బరువే

రోటర్ గాలిని కిందికి తోసి పైకి లేస్తుంది. గాలి పలచబడితే తోయడానికి సరుకు తక్కువ. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, వేడెక్కినా పలచబడుతుంది. ఈ రెండింటినీ కలిపి పైలట్లు "డెన్సిటీ ఆల్టిట్యూడ్" అంటారు. హెలికాప్టర్‌కు తాను ఏ ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుందో ఆ ఎత్తు.

లెక్క చేతివేళ్ల మీద వేసేంత సులువు. ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, ప్రతి వెయ్యి అడుగులకు రెండు డిగ్రీల చొప్పున తగ్గుతుంది. 5000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉండాల్సింది 5 డిగ్రీలు. అక్కడ ఆ రోజు 35 డిగ్రీలు ఉందనుకోండి. 30 డిగ్రీలు ఎక్కువ. ఎక్కువైన ప్రతి డిగ్రీకి సుమారు 120 అడుగులు కలపాలి, అంటే 3600. ఆ హెలికాప్టర్ నిలబడింది 5000 అడుగుల దగ్గర, ఇంజిన్, రోటర్ పడే అవస్థ మాత్రం 8600 అడుగులది.

దీనికి తోడు గ్రౌండ్ ఎఫెక్ట్ ఉంది. నేలకు దగ్గరగా, ఇంచుమించు రోటర్ వ్యాసమంత ఎత్తులోపు నిలబడినప్పుడు కిందికి తోసిన గాలి నేలకు తగిలి కొంత దన్ను ఇస్తుంది. చెట్ల ఎత్తులో నిలబడాలంటే ఆ దన్ను ఉండదు. ఇందాకటి 60 మీటర్ల బావిలోకి చల్లటి పొద్దున దిగగలిగిన హెలికాప్టర్, మిట్టమధ్యాహ్నం దిగినా రోగిని ఎక్కించుకుని లేవలేకపోవచ్చు.

ఈ చిక్కు ఈ వైద్యానికి పుట్టుకతోనే ఉంది. 1944 ఏప్రిల్‌లో బర్మాలో జపాన్ సేనల వెనక ఒక చిన్న విమానం కూలింది. అందులో పైలట్, గాయపడిన ముగ్గురు బ్రిటిష్ సైనికులు. అమెరికా లెఫ్టినెంట్ కార్టర్ హార్మన్ సికోర్స్కీ వైఆర్-4బి హెలికాప్టర్‌లో వెళ్లి వాళ్లను బయటికి తెచ్చాడు. ఆ ఎండకు, ఆ తేమకు దాని బలం ఒక్క మనిషిని మోయడానికే సరిపోయింది. నలుగురికి నాలుగు ట్రిప్పులు వేశాడు. ఇప్పటి ఇంజిన్లు దానికి ఎన్నో రెట్లు బలమైనవి, కానీ పైలట్ ఆ లెక్క వేయకుండా దిగడు.

పైలట్‌కు కనిపించనివి

మొదటిది తీగ. పైనుంచి చూస్తే సన్నటి తీగ నేల రంగులో కలిసిపోతుంది. అందుకే పైలట్లు తీగలను వెతకరు, స్తంభాలను వెతుకుతారు. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క. ఇక్కడ ఒక మోసం ఉంది. పెద్ద ట్రాన్స్‌మిషన్ టవర్ల మీద లావుపాటి కరెంటు తీగలకు పైన, పిడుగుల నుంచి కాపాడడానికి ఇంకో సన్నటి తీగ ఉంటుంది. లావు తీగలు చూసి వాటి మీదుగా దాటానని అనుకునే పైలట్‌కు పైన ఉన్న సన్న తీగ తగులుతుంది.

కిందివాళ్లకు ఇది తల పైకెత్తితే కనిపించే విషయం. అందుకే మొదటి రేడియో మాటలో తీగ ఏ దిక్కున ఉందో చెప్పడం, కుదిరితే తీగ కింద లైట్లు వేసిన వాహనం నిలబెట్టడం జరుగుతుంది. రోజూ ఆ తీగ కిందే తిరిగే మనిషికి అది కంటికి ఆనదు, అది వేరే సంగతి. మనం రోజూ చూసేదాన్ని చూడడం మానేస్తాం.

రెండోది వాలు. పైనుంచి చూస్తే ప్రతి నేలా చదునుగానే ఉంటుంది. అంబులెన్స్ సేవల్లో సాధారణంగా 5 డిగ్రీలు దాటకూడదంటారు. అంటే 10 మీటర్లు నడిస్తే ఎత్తులో తేడా 87 సెంటీమీటర్లు, ఇంచుమించు నడుము ఎత్తు. నడిచే మనిషికి ఇది పెద్ద వాలు అనిపించదు. హెలికాప్టర్‌కు మాత్రం ఒక కాలు ముందు ఆని, రెండోది గాలిలో ఉండిపోతుంది. ఆ ఆనిన కాలు ఇరుసులా మారి, దాని చుట్టూ మొత్తం బరువు ఒరగడం మొదలైతే ఒక హద్దు దాటాక పైలట్ సరిదిద్దలేడు. గడ్డిలో దాగిన చిన్న మొద్దుకు కాలు చిక్కుకున్నా ఇదే జరుగుతుంది. మొద్దు ఉందో లేదో పైనుంచి తెలియదు. ఎవరో ఒకరు ఆ గడ్డిలో అడ్డంగా, నిలువుగా నడిచి చూడాల్సిందే.

మూడోది నేల మీద పొడి. రోటర్ కిందికి తోసే గాలి వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటొచ్చు. ఎండిన దుక్కి మీద చివరి పది మీటర్లలో దుమ్ము లేచి నలువైపులా గోడ కడుతుంది. దీన్ని బ్రౌనౌట్ అంటారు, మంచులో అయితే వైటౌట్. అప్పుడు పైలట్‌కు తాను కిందికి దిగుతున్నాడో, పక్కకు జారుతున్నాడో కూడా తెలియదు. ఫైర్ ఇంజిన్‌తో ముందే నేల తడపడం అందుకే.

మంచు కొండల్లో ఈ సమస్యకు వాడే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ఒక మనిషి గాలికి వీపు పెట్టి, దిగే చోటు అంచున మోకాళ్ల మీద కూర్చుంటాడు. హెలికాప్టర్ అతని ముందుకు వచ్చి దిగుతుంది. మంచు లేచి అంతా తెల్లబడినా పైలట్‌కు ఆ ఒక్క మనిషి ఆకారం కనిపిస్తూ ఉంటుంది. దాన్నిబట్టే తాను కదులుతున్నాడో లేదో తెలుసుకుంటాడు. అందుకే ఆ మనిషికి ఒక్కటే పని, కదలకుండా ఉండడం. భయపడి రెండడుగులు వెనక్కి వేస్తే, పైలట్‌కు తానే వెనక్కి జారినట్టు అనిపిస్తుంది.

గుర్తు ఎప్పుడు గందరగోళం అవుతుంది

ఆసుపత్రి హెలిప్యాడ్‌కు అంతర్జాతీయ గుర్తు తెల్ల శిలువ మీద ఎర్రటి హెచ్ అక్షరం. తాత్కాలిక చోటుకు అలాంటిదేం అక్కర్లేదు. అక్షరాలతో ఒక ఇబ్బంది కూడా ఉంది. అంతర్జాతీయ రక్షణ సంకేతాల్లో నేల మీద వి అంటే సాయం కావాలి, ఎక్స్ అంటే వైద్యసాయం కావాలి. అదే ఎక్స్ రన్‌వే మీద ఉంటే ఇక్కడ దిగకూడదు, మూసేశాం అని అర్థం. చేతుల సంకేతాల్లో రెండు చేతులూ వై ఆకారంలో పైకెత్తితే అవును, ఒకటి పైకి, ఒకటి కిందికి ఏటవాలుగా చాస్తే కాదు. ఉత్సాహం కొద్దీ ఒక చెయ్యి ఊపేవాళ్లు చెప్పాలనుకున్నది ఒకటి, పైలట్ అర్థం చేసుకునేది ఇంకొకటి కావచ్చు.

దుప్పటి పరిచి గుర్తు పెట్టడం చూడ్డానికి బాగుంటుంది. నాలుగు మూలలా బరువు పెట్టకపోతే ఆ దుప్పటే లేచి రోటర్‌లోకో, ఇంజిన్‌లోకో పోతుంది. టోపీలు, ప్లాస్టిక్ కవర్లు, స్ట్రెచర్ మీద కప్పిన పలచటి షీటు, అన్నిటిదీ ఇదే కథ.

రంగు పొగ మంచి గుర్తు, ఎందుకంటే చోటుతో పాటు గాలివాటం కూడా చూపిస్తుంది. సైనికుల్లో దీనికొక అలవాటు ఉంది. ఏ రంగు పొగ వేశామో కిందివాళ్లు ముందు చెప్పరు. పైలట్ తనకు కనిపించిన రంగు చెబుతాడు, కిందివాళ్లు ఔననో కాదనో అంటారు. శత్రువు వేరే పొగ వేసి పిలవకుండా ఈ జాగ్రత్త. అయితే పొగ డబ్బా కాలే వేడికి ఎండుగడ్డి అంటుకుంటుంది. మంట వెలిగే రోడ్డు ఫ్లేర్లను చాలా సేవలు వద్దనడానికి కారణం కూడా ఇదే.

రాత్రి: వెలుగు ఎక్కువైనా కష్టమే

చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి దాదాపు అరగంట పడుతుంది. ఆ అలవాటు పోవడానికి ఒక్క టార్చ్ చాలు. "ఇక్కడున్నాం" అని చెప్పాలన్న ఆత్రంలో పైకి టార్చ్ కొట్టేవాళ్లు, ఫోన్ ఫ్లాష్‌తో వీడియో తీసేవాళ్లు చేసే పని అదే.

విరివిగా నేర్పే పద్ధతిలో నాలుగు మూలలా నాలుగు లైట్లు పెట్టి, గాలి వచ్చే వైపు అంచున మధ్యలో ఐదోది పెడతారు. ఆ ఐదో లైటు చూస్తే గాలి ఎటునుంచో పైలట్‌కు తెలుస్తుంది. వాహనాలు ఉంటే వాటి లైట్లు డిమ్‌లో పెట్టి, దిగే చోట కలిసేలా నిలపడం ఇంకో పద్ధతి. అంబులెన్స్ పైన తిరిగే లైట్లు దూరం నుంచి చోటు గుర్తుపట్టడానికి అద్భుతంగా పనికొస్తాయి, దగ్గరికి వచ్చాక అవే కళ్లు చెదరగొడతాయి. కాబట్టి పైలట్ చూశానన్నాక ఆర్పేయమని అడుగుతాడు.

నైట్ విజన్ గాగుల్స్ వచ్చాక లెక్క మళ్లీ మారింది. అవి సన్నటి వెలుగును కూడా ఎన్నో రెట్లు పెంచి చూపిస్తాయి కాబట్టి కొందరు పైలట్లు లైట్లు తక్కువ ఉంటేనే మేలంటారు. అయితే గాగుల్స్ ఎక్కువగా చూసేది ఇన్‌ఫ్రారెడ్ వైపు వెలుగును. పాత ఫిలమెంట్ బల్బు ఇన్‌ఫ్రారెడ్ బాగా చిమ్ముతుంది. ఎల్‌ఈడీ చిమ్మదు. అందువల్ల మామూలు కంటికి ఎర్రగా మెరిసే కొన్ని ఎల్‌ఈడీ లైట్లు, టవర్ల మీద పెట్టినవి సహా, గాగుల్స్‌లో అసలు కనిపించకపోవచ్చు. టవర్ మీద ఎర్ర లైటుంది కదా, పైలట్ చూస్తాడులే అనుకోవడానికి లేదు. నోటితో చెప్పాలి.

ఒక చుక్క 37 కిలోమీటర్లు

చోటు ఎంత బాగున్నా అదెక్కడుందో సరిగ్గా చెప్పకపోతే ప్రయోజనం లేదు. ఫోన్ మ్యాపులు అక్షాంశాన్ని 32.50 అని దశాంశంలో చూపిస్తాయి. విమానయానంలో డిగ్రీలు, నిమిషాలు వాడతారు. 32.50ని ఎవరైనా "32 డిగ్రీల 50 నిమిషాలు" అని చదివారనుకోండి. నిజానికి అర డిగ్రీ అంటే 30 నిమిషాలు. తేడా 20 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. హెలికాప్టర్ 37 కిలోమీటర్లు పక్కకు పోతుంది. ఇద్దరూ ఏ పద్ధతిలో మాట్లాడుతున్నారో ముందు తేల్చుకోవడం అందుకే.

దగ్గరి చోటా, మంచి చోటా?

ఇక్కడ అభిప్రాయాలు నిజంగానే వేరు. ముందుగా సర్వే చేసి పెట్టిన చోట్లకే హెలికాప్టర్ రావాలి, రోగిని అక్కడిదాకా రోడ్డు అంబులెన్స్‌లో తేవాలి అనేది ఒక వాదన. తీగలు, వాలు, దారులు అన్నీ ముందే తెలిసి ఉంటాయి, రాత్రిపూట ఇది మరీ పెద్ద ఊరట. రెండో వాదన: రోగిని ఒకసారి అంబులెన్స్ ఎక్కించి, దించి, మళ్లీ హెలికాప్టర్ ఎక్కించడంలో పోయే నిమిషాలు, కుదుపులు కూడా ప్రమాదమే. ఆ తిప్పలకన్నా నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లొచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు, దూరం తక్కువైతే వాళ్ల మాటే నెగ్గుతుంది.

ఎవరు ఎంచాలన్నదాంట్లోనూ తేడాలున్నాయి. యూరప్‌లో చాలాచోట్ల పగటిపూట హెలికాప్టర్ సిబ్బందే పైనుంచి చూసి తేల్చుకుంటారు. అమెరికాలో ఎక్కువగా ఫైర్ సిబ్బంది చోటు చూసి, జనాన్ని ఆపి, రేడియోలో పిలుస్తారు. రెండిట్లోనూ దిగాలా వద్దా అన్న చివరి మాట పైలట్‌దే. అయితే ఆపే హక్కు ఎవరికైనా ఉంటుంది. చివరి క్షణాల్లో మైదానంలోకి ఒక పిల్లాడు పరిగెత్తినా, తీగ కనిపించినా, కింద ఎవరైనా ఆపమని అరవొచ్చు. పైలట్ కారణం అడగకుండా లేచిపోతాడు.

నా మట్టుకు పగటి వాదనలో రెండు పక్షాలకూ బలం ఉంది. రాత్రి విషయంలో మాత్రం ముందే నడిచి చూసిన చోటే నయమనిపిస్తుంది, ఎందుకంటే పైన చెప్పిన చిక్కుల్లో సగం చీకట్లో పైలట్ చూపుకు అందనివే.

మొదట్లో చెప్పిన రెండు చక్కర్ల సంగతి కూడా ఇప్పుడు అర్థమవుతుంది. మొదటిది ఎత్తులో: గాలి ఎటు, స్తంభాలెక్కడ, లోపలికి దారి ఏది, బయటికి దారి ఏది. రెండోది తక్కువ ఎత్తులో: నేల ఎలా ఉంది, ఎగిరే వస్తువులున్నాయా, జనం ఎక్కడ నిలబడ్డారు. వెనక్కి తిరిగిపోతే ఆ ప్రశ్నల్లో ఒకదానికి జవాబు దొరకలేదన్నమాట.

దిగాక

హెలికాప్టర్ ఆగిందని జనం పరిగెత్తుకొస్తారు. తోక రోటర్ తిరుగుతున్నప్పుడు కంటికి దాదాపు కనిపించదు, చాలా మోడళ్లలో అది మనిషి ఎత్తులోనే ఉంటుంది. అందుకే వెనక నుంచి ఎవరూ రారు. ముందు నుంచో పక్క నుంచో, అదీ పైలట్ కళ్లలో పడుతూ, అతను సైగ చేశాకే వస్తారు. వాలు మీద దిగితే పల్లం వైపు నుంచే రావాలి, మెరక వైపు రోటర్ నేలకు దగ్గరగా తిరుగుతుంటుంది. ఇంజిన్ ఆపాక కూడా వెంటనే నిశ్చింత లేదు. వేగం తగ్గేకొద్దీ రెక్కలు కిందికి వంగుతాయి, ఆ సమయంలో గాలి విసిరితే ఇంకా కిందికి వస్తాయి. రోటర్ తిరుగుతుండగానే రోగిని ఎక్కిస్తే నిమిషాలు కలిసొస్తాయి, ఆపి ఎక్కిస్తే భయం తగ్గుతుంది. రోగి పరిస్థితిని బట్టి సిబ్బంది ఏదో ఒకటి తేల్చుకుంటారు.

రోగిని ఎక్కించుకుని హెలికాప్టర్ వెళ్లిపోయాక కూడా కనీసం ఐదు నిమిషాలు ఆ చోటును అలాగే ఖాళీగా ఉంచుతారు. లైట్లు తీయరు, జనాన్ని లోపలికి వదలరు. గాలిలో ఏదైనా తేడా వస్తే పైలట్ వెనక్కి తిప్పేది అక్కడికే.